నెత్తురు చెప్పే ఆకలి

పాము కాటుకు మందు గుర్రం రక్తంలో పుడుతుంది. ఆ గుర్రమే తిండిలేక బక్కచిక్కితే? దాని డొక్కలు చెప్పలేని నిజాన్ని రెండు చిన్న సీసాల రక్తం చెబుతుంది. కాకపోతే ఆ రక్తం తీసే వారుండాలి, చదివే వారుండాలి.

ఎర్రబోరులో గుర్రం కనిపించడం అరుదు. బస్తర్‌లో గుర్రమంటే చాలామందికి దేవర గుడి ముందు మొక్కుగా నిలబెట్టిన మట్టి బొమ్మ, లేదంటే మైనం కరిగిపోయిన అచ్చులో కరిగిన లోహం పోసి తీసిన డోక్రా బొమ్మ. కానీ జూన్‌లో వానలు పడి, బొరియల్లోకి నీరు చేరి, కట్లపాము ఇంట్లోకి పాకిన రాత్రి, నేలమీద పడుకున్న మనిషిని అది కాటేశాక, ఆ ఇంటికి కావలసింది గుర్రమే. ఎక్కి వెళ్లడానికి కాదు, దాని నెత్తుటి నుంచి తీసిన మందు కోసం.

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు అంచున, సుక్మా జిల్లాలో, కుంట నుంచి సుక్మా వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది ఎర్రబోరు. ఊరి పేరులోనే తెలుగుంది. బయటి ప్రపంచానికి ఈ ఊరు తెలిసింది మాత్రం 2006 జూలైలో. ఇక్కడి సల్వాజుడుం సహాయ శిబిరంపై మావోయిస్టులు రాత్రిపూట దాడి చేసినప్పుడు 30 మందికి పైగా చనిపోయారు. తుపాకులు వార్తలకెక్కాయి. అదే అడవిలో ఏటా వానాకాలంలో పాములు చేసే పని వార్తలకెక్కదు. జబ్బు ముదిరితే ఈ ప్రాంతపు జనం సరిహద్దు దాటి చింతూరుకో, భద్రాచలానికో వస్తారు. పాము కాటు అంతసేపు ఆగదు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుకు దాదాపు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. అంతకుముందు 2005 సంవత్సరానికి వేసిన అంచనాలో, మరణాల సంఖ్యలో ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే: సుమారు 5,200. చనిపోయేది ఎక్కువగా పల్లెల వాళ్లు. వాళ్లను బతికించగల అసలు మందు ఒక్కటే, విరుగుడు సీరం. దాన్ని తయారుచేసే కర్మాగారం నాలుగు కాళ్లమీద నిలబడి ఉంటుంది.

పది సీసాల వెనక

1890ల మధ్యలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బెర్ కాల్మెట్ పాము విషానికి సీరం కనిపెట్టిన నాటినుంచి మూల సూత్రం మారలేదు. విషాన్ని అతి కొద్ది మోతాదుల్లో, నెలల తరబడి గుర్రానికి ఎక్కిస్తారు. దాని ఒంట్లో విషాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తయారవుతాయి. అప్పుడు మెడ నరం నుంచి రక్తం తీసి, ప్లాస్మాను వేరుచేసి, శుద్ధిచేసి, పొడిగా మార్చి సీసాల్లో నింపుతారు. మన దేశంలో దొరికే సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు రకాల విషానికి పనిచేస్తుంది. విషం ఎక్కువగా వచ్చేది చెన్నై సమీపంలో 1978లో ఏర్పడిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి. పొడి రూపంలో ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ లేని ఆరోగ్య కేంద్రంలో కూడా నిల్వ చేయవచ్చు. ఒంట్లోకి విషం ఎక్కిన మనిషికి మొదటి విడతలోనే పది సీసాల దాకా కావాలి.

ఆ సీసాల కోసం గుర్రం నుంచి ఎంత తీస్తారు? ఒక్కో విడతలో కిలో బరువుకు 13 నుంచి 15 మిల్లీలీటర్లు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. 400 కిలోల గుర్రమైతే అయిదారు లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తంలో ఇది దాదాపు ఐదో వంతు. అందుకే ప్లాస్మా తీసుకున్నాక ఎర్ర కణాలను తిరిగి గుర్రానికే ఎక్కించాలని ఆ మార్గదర్శకం సూచిస్తుంది. గుర్రం వయసు మూడు నుంచి పదేళ్ల మధ్య, బరువు 350 కిలోలకు పైన ఉండటం మేలనీ, మందలో చేర్చే ముందు వేరుగా ఉంచి పరీక్షించాలనీ, రక్తం తీసే ప్రతి గుర్రానికీ హిమోగ్లోబిన్, ప్రొటీన్లు చూస్తూ ఉండాలనీ చెబుతుంది.

ఇది జీవకారుణ్యం ఒక్కటే కాదు, మందు నాణ్యత వ్యవహారం కూడా. ప్రతిరక్షకం అంటే ప్రొటీనే. తినడానికి లేక తన కండనే కరిగించుకుంటున్న గుర్రం మన కోసం మేలైన ప్రొటీన్ ఎక్కడినుంచి తెస్తుంది?

డొక్కల చిట్టా

ఈ ప్రశ్న ఊహించి వేసింది కాదు. జంతు ప్రయోగాల పర్యవేక్షణకు కేంద్రం ఏర్పాటు చేసిన కమిటీ తరఫున 2015లో దేశంలోని సీరం తయారీ కేంద్రాలను తనిఖీ చేసిన బృందాలు రక్తహీనతతో, పోషకాహార లోపంతో, మానని పుండ్లతో, పాడైన గిట్టలతో ఉన్న గుర్రాలను చూశామని నివేదించాయి. మందుకు రక్తమిచ్చే జీవానికే రక్తం చాలడం లేదన్నది ఆ నివేదికల సారాంశం.

గుర్రం ఆకలి సీరం శాలలకే పరిమితం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలే. ఏడేళ్లలో 45 శాతం తగ్గిపోయాయి. గాడిదలు 61 శాతం తగ్గాయి. పని తగ్గిన కొద్దీ యజమాని చేతిలో డబ్బు తగ్గుతుంది. అప్పుడు ముందు కోతపడేది దాణాకే. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక బరాత్ గుర్రం, పందేలకు పనికిరాకుండాపోయిన గుర్రం, ఇటుక బట్టీ మూతపడ్డాక కంచర గాడిద... అన్నింటికీ వచ్చే అవస్థ ఒకటే.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ 2025 మే నాటిది. హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను రోడ్డు మార్గంలో మధ్యప్రదేశ్‌లోని జబల్పూర్ జిల్లాకు తరలించారు. చేరిన కొద్ది రోజుల్లోనే వాటిలో కొన్ని చనిపోయాయి. వాటికి సరైన తిండీ, సంరక్షణా కరవయ్యాయని జంతు సంక్షేమ సంస్థలు ఆరోపించాయి. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అధికారులు వెంటనే చేసిన పని రక్త నమూనాలు తీసి హరియాణాలోని హిసార్‌కు, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపడం. గ్లాండర్స్ ఉందేమోనన్నది భయం. గుర్రాల నుంచి మనుషులకూ సోకే ఈ బ్యాక్టీరియా జబ్బు ఉన్నట్లు తేలితే గుర్రాన్ని చంపి పూడ్చడమే తప్ప మరో దారి లేదు.

కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి. అయితే అది జవాబిచ్చేది ఒక్క ప్రశ్నకే. గ్లాండర్స్ లేదని తేలినంత మాత్రాన గుర్రం ఎందుకు కూలుతోందో తెలిసినట్లు కాదు. ఆ మిగతా సగం కథకు వేరే రక్త పరీక్షలున్నాయి.

చూపు చెప్పేది, చెప్పనిది

బక్కచిక్కిన గుర్రాన్ని గుర్తించడానికి డాక్టరే అక్కర్లేదు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, వెన్నుపూస మొనదేలి ఉంటుంది, తోక మొదట్లో గుంట పడుతుంది. దీన్నే 1983లో అమెరికాలోని టెక్సస్‌లో డాన్ హెన్నెకె ఒకటి నుంచి తొమ్మిది దాకా కొలబద్దగా మార్చారు. ఒకటి అంటే ఎముకల గూడు, అయిదు అంటే ఆరోగ్యం, తొమ్మిది అంటే కొవ్వు ముద్ద. చేత్తో తడిమి అంకె వేయొచ్చు. కానీ ఈ కొలబద్ద గుర్రం ఎంత చిక్కిందో చెబుతుంది, ఎందుకు చిక్కిందో చెప్పదు. తిండి లేకనా? పళ్లరిగి నమలలేకనా? పేగుల నిండా పురుగులా? కాలేయమో మూత్రపిండమో చెడిందా? లేక ఈగలు మోసుకొచ్చే సర్రా జబ్బా?

సర్రాకు ఈ ఉపఖండంతో పాత బంధమే ఉంది. 1880లో అవిభక్త పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో ఈదులాడే పరాన్నజీవిని కనిపెట్టారు. ఆ జబ్బు వచ్చిన గుర్రం కూడా బాగా తిన్నా చిక్కిపోతుంది, నెత్తురు పాలిపోతుంది. యజమాని తిండి పెట్టలేదని ఊరంతా తిట్టే కేసుల్లో అసలు దోషి సూక్ష్మజీవి కావచ్చు. జబ్బుందని యజమాని తప్పించుకునే కేసుల్లో అసలు దోషి ఖాళీ తొట్టే కావచ్చు. ఈ రెంటినీ వేరుచేయడమే రక్త పరీక్ష మొదటి ప్రయోజనం.

ఇక్కడో చిక్కుంది. ఆకలి రక్తంలో నేరుగా కనపడదు. ఒంట్లో ఉన్న కొవ్వును, కండను కరిగించైనా గుర్రం చాలాకాలం రక్తాన్ని మామూలుగా ఉంచుకోగలదు. ఎముకల గూడులా ఉన్న గుర్రం రిపోర్టు అన్నీ సక్రమమే అని రావచ్చు. దాన్ని చూపించి గుర్రం బాగానే ఉందని వాదిస్తే అది అబద్ధం. బక్క గుర్రానికి మంచి రిపోర్టు వచ్చిందంటే అర్థం, వేరే జబ్బు ఏదీ బయటపడలేదని. అనుమానం మళ్లీ తొట్టి మీదికే వెళ్తుంది.

రిపోర్టు ఎలా చదవాలి

మెడ నరం నుంచి రెండు సీసాల రక్తం తీస్తారు. గడ్డకట్టకుండా మందు వేసిన సీసా కణాల లెక్కకు. ఖాళీ సీసాలోది గడ్డకట్టాక పైన తేలే సీరం రసాయనాల లెక్కకు.

ఎర్ర కణాల శాతం (పీసీవీ): ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో సాధారణంగా 32 నుంచి 48 మధ్య. తగ్గితే రక్తహీనత. కానీ గుర్రం ప్లీహం ఎర్ర కణాల గిడ్డంగి. సూది చూసి బెదిరితే చాలు, ఆ నిల్వ రక్తంలోకి వచ్చి అంకె పెరిగిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా అంతే. అందుకే ఒక్క అంకెను నమ్మరు. గుర్రాన్ని నిమ్మళపరచి తీయాలి, నీళ్లు తాగించాక మళ్లీ తీయాలి.

కొత్త కణాల జాడ: మనిషిలో, కుక్కలో ఎముక మజ్జ కొత్త కణాలు చేస్తోందా అన్నది రక్తం చుక్కలోనే తెలుస్తుంది. గుర్రం మాత్రం పచ్చి కణాలను రక్తంలోకి వదలదు. అది కోలుకుంటోందో లేదో తెలియాలంటే కొన్ని రోజుల తేడాతో పదేపదే పరీక్షించాలి.

అల్బుమిన్: కాలేయం చేసే ప్రొటీన్. గుర్రంలో ఇది సగానికి తగ్గడానికే మూడు వారాల దాకా పడుతుంది. అంటే నిన్నటి ఆకలి ఇందులో కనిపించదు. బాగా పడిపోయి పొట్ట కింద నీరు చేరిందంటే, దీర్ఘకాలపు లేమితోపాటు పేగు పురుగుల్నీ, కాలేయాన్నీ అనుమానించాలి.

బిలిరుబిన్: ఒకట్రెండు రోజులు మేత లేకపోతే చాలు గుర్రం చిగుళ్లు పసుపెక్కుతాయి. గుర్రానికి పిత్తాశయం ఉండదు. ఈ పసుపును కామెర్లని పొరబడి లివర్ టానిక్‌లు పోస్తుంటారు. దానికి కావలసింది మేత.

ట్రైగ్లిజరైడ్లు: ఆకలితో కరిగిన కొవ్వు రక్తంలో పేరుకుంటే సీరం పాలలా కనిపిస్తుంది. పొట్టి గుర్రాలకూ, గాడిదలకూ ఇది ప్రాణాంతకం. వాటిని ఒక్కపూట కూడా పస్తు ఉంచకూడదనడానికి కారణం ఇదే.

ఇక ఇనుము ఇంజెక్షన్. నెత్తురు తగ్గిన గుర్రానికి యజమానులు మొదట అడిగేది ఇదే. కానీ మేసే గుర్రంలో ఇనుము లోపం అరుదు. అవసరం లేకుండా ఎక్కిస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదముంది. పదేపదే రక్తం తీయించుకునే సీరం గుర్రాల సంగతి వేరు. అక్కడ పోతున్నది పోతూనే ఉంటుంది కాబట్టి లెక్క కట్టి భర్తీ చేయాలి.

దయ చంపేసే వేళ

రక్త పరీక్షకు అసలు విలువ గుర్రాన్ని కాపాడిన రోజు నుంచి మొదలవుతుంది. నెలల తరబడి పస్తున్న గుర్రాన్ని చూస్తే ఎవరికైనా తోచేది తొట్టినిండా ఉలవలు పోయడం. ఆ ఉలవ గుగ్గిళ్లే దాని ప్రాణం తీయవచ్చు.

కారణం ఒంటి రసాయనంలో ఉంది. పస్తుల్లో శరీరం కొవ్వు మీద బతుకుతుంది. ఒక్కసారిగా గింజలు పడితే పిండిపదార్థం చక్కెరవుతుంది, ఇన్సులిన్ ఎగదన్నుతుంది. చక్కెరతోపాటు రక్తంలోని భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కూడా కణాల్లోకి దూరిపోతాయి. నిల్వలు ముందే అడుగంటాయి కాబట్టి రక్తంలో వాటి మట్టం హఠాత్తుగా పడిపోతుంది. ఊపిరి కండరాలు, గుండె తడబడతాయి. మొదటి పది రోజుల్లోపే, తిండి దొరికిన తర్వాతే, గుర్రం కూలిపోతుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి కడుపునిండా తిన్న మనుషుల్లోనూ డాక్టర్లు ఇదే చూశారు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకు మన పునరావాస కేంద్రాల్లో తొలిరోజుల్లో పలచని పాలమిశ్రమం కొద్దికొద్దిగా పట్టి, తర్వాతే చిక్కటిది ఇవ్వడానికి కారణమూ ఇదే. ఈ విషయంలో బస్తర్ బిడ్డకూ, బక్క గుర్రానికీ ఒకటే సూత్రం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కరోలిన్ స్టల్ బృందం 1990లలో పస్తులున్న గుర్రాలకు మూడు రకాల మేతలు పెట్టి, ప్రతి దశలో రక్తం పరీక్షించి చూసింది. మిగతావాటికంటే మెరుగ్గా పనిచేసింది ఎండు లూసర్న్ గడ్డి. అందులో పిండిపదార్థం తక్కువ, ప్రొటీన్, మెగ్నీషియం ఎక్కువ. ఆ అనుభవంతో వాళ్లు చెప్పిన పద్ధతి ఎవరైనా పాటించదగినదే. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అరకిలోకు కాస్త తక్కువగా లూసర్న్. నాలుగో రోజు నుంచి పది రోజుల వరకు మోతాదు మెల్లగా పెంచుతూ, పూటల సంఖ్య తగ్గిస్తూ పోవాలి. గింజలు వద్దు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. రెండు వారాలకు గుర్రం తినగలిగినంత పెట్టవచ్చు. మామూలు బరువుకు రావడానికి మూడు నుంచి అయిదు నెలలు పడుతుంది. ఈలోగా భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మట్టాల మీద కన్నేసి ఉంచాలి. అవి పడిపోతుంటే మేత తగ్గించి, లోపాన్ని పూరించాలి. పురుగుల మందు కూడా మొదటి రోజే గుప్పించకుండా కాస్త తేరుకున్నాక ఇవ్వడం మంచిది.

ల్యాబ్ ఎంత దూరం?

ఇదంతా పెద్ద ఆస్పత్రి వ్యవహారమని అనుకోనక్కర్లేదు. సన్నటి గాజు గొట్టంలో రక్తాన్ని గిరగిర తిప్పే చిన్న యంత్రం, ప్రొటీన్ కొలిచే చేతి పరికరం, ఒక మైక్రోస్కోపు ఉంటే పీసీవీ, మొత్తం ప్రొటీన్, సర్రా పరాన్నజీవి... మూడూ అరగంటలో తెలుస్తాయి. పైకి తేలిన ప్లాస్మా పసుపుగా ఉందా, పాలలా ఉందా అన్నది కంటికే కనిపిస్తుంది. మిగతా రసాయన పరీక్షలకు పశువైద్య కళాశాలలున్న రాజేంద్రనగర్, తిరుపతి వంటిచోట్లకు నమూనా పంపవచ్చు. గ్లాండర్స్ నిర్ధారణకు మాత్రం హిసారే దిక్కు.

కొరత ఎక్కువగా అలవాటులో ఉంది. కేసు పోలీసులదాకా వెళ్లినప్పుడు ఫొటోలు తీస్తారు, పంచనామా రాస్తారు. రక్తం మొదటి రోజే తీయకపోతే వారం రోజుల మేత తర్వాత తీసిన రక్తం వేరే కథ చెబుతుంది. యజమాని నిర్దోషి అయినా, దోషి అయినా ఆధారం అప్పటికే కరిగిపోతుంది. సీరం శాలల్లోనూ అంతే. ప్రతి గుర్రానికీ నెలనెలా ఉండే అంకెల వరసే దాని ఆరోగ్య చరిత్ర. తనిఖీ ముందురోజు తీసిన ఒక్క రిపోర్టు చరిత్ర కాదు.

గుర్రం అవసరం లేని విరుగుడు వస్తుందా? ప్రయత్నాలు జోరుగానే ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధకులతో కలిసి ప్రయోగశాలలో రూపొందించిన ప్రతిరక్షకం నాగుపాము, కట్లపాము జాతుల విషంలోని ఒక ముఖ్య విష పదార్థాన్ని ఎలుకల్లో అడ్డుకుందని 2024లో ప్రకటించారు. అది మనుషుల ఆస్పత్రికి చేరేదాకా భారం గుర్రం మీదే. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలంటోంది. ఆ లెక్కన ఇంకా ఎక్కువ సీసాలు కావాలి. అంటే ఇంకా ఎక్కువ గుర్రాలు, లేదా ఉన్న గుర్రాల నుంచే ఇంకా ఎక్కువ రక్తం. ఈ రెంటిలో ఏది జరుగుతోందన్నది ఆ గుర్రాల పీసీవీ రిజిస్టరులోనే తెలుస్తుంది.

రక్త పరీక్ష అంటే ఏమిటో బస్తర్‌కు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020లో మొదలైన మలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు వాగులు దాటి, గుట్టలెక్కి ఇంటింటికీ వెళ్లారు. జ్వరం ఉన్నా లేకున్నా వేలికొసన సూది గుచ్చి చూశారు. పైకి ఆరోగ్యంగా కనిపించిన మనుషుల రక్తంలో పరాన్నజీవులు దొరికాయి. అడగకుండానే పరీక్షించడం వల్లే అవి దొరికాయి. ఎర్రబోరు మనిషికి అక్కరకొచ్చిన ఆ పద్ధతే, అతడు ఎన్నడూ చూడని గుర్రానికీ అక్కరకొస్తుంది. కట్లపాము కరిచిన రాత్రి అతడి నరంలోకి ఎక్కేది ఆ గుర్రం ఇచ్చినదే కదా.